ఇద్దరు దేవుళ్ళకు మొక్కిన జుట్టు

రెండేళ్ళు నిండకముందే మా అన్న కొడుకు ఎవరినైనా చూడాలంటే గడ్డం పైకెత్తి, తల కుడివైపుకు వాల్చి, రెప్పల కింది సందులోంచి చూసేవాడు. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల కిందనుంచి అర్జీ చదివే గుమాస్తాలా ఉండేది ఆ చూపు. ఇంటికొచ్చినవాళ్ళంతా "అబ్బో, ఏం స్టైలు!" అని మురిసిపోయేవారు. మా అన్న ఆ చూపును ఫోన్లో వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. అది స్టైలు కాదు. నుదుటి మీది జుట్టు వాడి ముక్కు దాకా వేలాడుతుండేది. దాని కిందనుంచి తప్ప వాడికి లోకం కనబడే దారి లేదు. మా ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లున్నారు. ఇద్దరికీ ఈ ముక్క తట్టలేదు. తట్టినా బయటికి అనలేదు. రెండింటిలో ఏది ఎక్కువ సిగ్గుచేటో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

మాది బన్సీలాల్‌పేట్. తాత కట్టిన ఇల్లు. కింద అమ్మ, నేను. పైన అన్న, వదిన, వాడు. మధ్యలో పద్దెనిమిది మెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. తాత ఆ మెట్లు కట్టించినప్పుడు ఇంట్లో చిన్నపిల్లలు పుడతారన్న ఆలోచన ఆయనకు ఉన్నట్టు లేదు. అన్నా వదినా పొద్దున ఎనిమిదింటికల్లా ఆఫీసులకు వెళ్ళిపోతారు. సాయంత్రం దాకా వాడు కిందే. నేను ఇంటినుంచే పనిచేస్తాను. ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు మెయిల్లో జవాబులు రాయడం నా ఉద్యోగం. నోరు విప్పి మాట్లాడక్కర్లేదు కాబట్టే అందులో చేరాను. వాడు నా కుర్చీ కింద కూర్చుని వైర్లు పీకుతుంటే, నేను పైన కూర్చుని "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రాస్తుండేదాన్ని.

వదిన వాళ్ళది గోదావరి వైపు ఊరు. ఆమె బడిలో ఉండగానే ఇటు వచ్చి, తర్వాత యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళమ్మను నేను అత్తయ్య అంటాను. ఆమె ప్రతి ఆదివారం ఒక స్టీలు డబ్బా పట్టుకుని మనవడిని చూడటానికి వస్తుంది. అమ్మ ఆ డబ్బా మూత తీసి, వాసన చూసి, "నూనె జెర ఎక్కువైనట్టుంది వదినె" అంటుంది. అత్తయ్య నవ్వి, "మీకు అలవాటు లేదు కదా వదినగారూ" అంటుంది. వాళ్ళ స్నేహమంతా ఇంతే. ఇంతకుమించి జరగనంత కాలం ఎవరికీ నష్టం లేదు.

ఇంతకుమించి ఒక్కసారి జరిగింది. వాడు నెలలు నిండకుండా పుట్టాడు. పన్నెండు రోజులు ఆస్పత్రిలో అద్దాలపెట్టెలో ఉంచారు. వరండాలో ఒక చివరి బెంచీ మీద అమ్మ, ఇంకో చివరి బెంచీ మీద అత్తయ్య. మా ఇంటి దేవుడు గుట్ట మీద ఉంటాడు. వాళ్ళింటి దేవుడు కొండ మీద ఉంటాడు. పిల్లాడు బతికి బయటపడితే వాడి పుట్టు వెంట్రుకలు నీకే ఇస్తానని అమ్మ గుట్టకు మొక్కుకుంది. సరిగ్గా అదే మాట అత్తయ్య కొండకు మొక్కుకుంది. ఇద్దరి మధ్యా పట్టుమని ఇరవై అడుగుల దూరం లేదు. ఒకరికొకరు చెప్పుకోలేదు.

వాడు బతికాడు. రెండు మొక్కుల సంగతి మాత్రం వాణ్ణి ఊయల్లో వేసిన రోజు బయటపడింది.

"పదకొండో నెలల గుట్టకు పోయి పుట్టెంటికలు తీపిద్దాం వదినె. నేను మొక్కిన" అంది అమ్మ, అందరికీ శనగలు పంచుతూ.

"గుట్టకా? అదేంటి వదినగారూ! నేను కొండకి మొక్కుకున్నాను కదా, ఆస్పత్రిలోనే."

"మరి నాకు చెప్పొద్దా?"

"మీరు మాత్రం చెప్పారా?"

శనగల గిన్నె అమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మినవాణ్ణి మా వీధిలో ఏమంటారో నాకు తెలుసు. దేవుడి దగ్గరికొచ్చేసరికి దాన్ని భక్తి అంటారు.

పుట్టు వెంట్రుకలు రెండుసార్లు రావు. ఒక్కసారి గుండు చేయిస్తే అయిపోయింది, తర్వాత వచ్చేది మామూలు జుట్టు. కాబట్టి గుట్టా, కొండా అన్నది తేలేదాకా వాడి తల మీద కత్తెర పడకూడదు. పదకొండో నెల వచ్చింది. రెండు ఇళ్ళ మధ్యా ఫోన్లు నడిచాయి. అమ్మ ఒక వారం, అత్తయ్య ఒక వారం అలిగారు. మా అన్న "మీరు మీరు చూస్కోండి, నన్ను పరేషాన్ చేయకుండ్రి" అని టీవీ సౌండు పెంచాడు. ఆ నెల దాటిపోయింది. ఇక మూడో ఏడు వచ్చేదాకా ఆగాల్సిందేనని పంతులు చెప్పాడు. ఆ మాట విని నాయనమ్మా అమ్మమ్మా ఇద్దరూ ఎంత తేలికపడ్డారో నేను చూశాను. తేల్చుకోవాల్సిన పని ఏడాదికి పైగా వాయిదా పడింది. ఆ ఏడాది జుట్టు ఎక్కడ పెరుగుతుందన్నది ఎవరికీ పట్టలేదు.

ఇందులో తతంగం కూడా ఉంది. మొదటి కత్తెర మేనమామ పెట్టాలి. మేనమామ అంటే వదిన తమ్ముడు, పుణెలో ఉద్యోగం. రాలిన జుట్టు నేల మీద పడకుండా మేనత్త పళ్ళెం పట్టాలి. మేనత్తను నేను. ఈ మొత్తం వ్యవహారంలో నా వంతు పళ్ళెం పట్టుకోవడం. ఈలోగా దువ్వెనకు ఊడివచ్చిన వెంట్రుకలు కూడా పారేయకూడదని అమ్మ వాటిని చుట్టచుట్టి ఒక పసుపు గుడ్డలో దాచేది. ఆదివారం వచ్చిన అత్తయ్య ఆ గుడ్డ విప్పి చూసేది. తగ్గాయేమోనని అనుమానం. తన కళ్ళు కప్పి అమ్మ గుట్టకు పంపేస్తోందేమోనని.

పెద్దవాళ్ళు ఇలా కాపలా కాస్తుండగా వాడు తన పని తాను చేసుకుపోయాడు. పదమూడో నెలలో నడిచాడు. మొదటి అడుగులు ఒక గురువారం నా గదిలో వేశాడు. మంచం పట్టుకుని లేచి, మూడడుగులు వేసి, నా పుస్తకాల అలమరా కింది అర మీద పడి, ఒక లావుపాటి నవలను కిందికి లాగి దాని మీద కూర్చున్నాడు. నేను అమ్మను పిలిచి చెప్పాను. "మెల్లగ చెప్పు, ఆదివారం అందరు వచ్చినంక నడిపిద్దాం" అంది. ఆదివారం హాల్లో అందరూ రెండువైపులా నిలబడి చప్పట్లు కొడితే వాడు నాలుగడుగులు వేశాడు. వీడియో తీశారు. మా కుటుంబ చరిత్రలో వాడు నడిచింది ఆ ఆదివారమే. గురువారం వాడు చేసింది ఏమిటని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు, నా డైరీలో తప్ప.

తర్వాత మాటలు. మొదట "కాకి". తర్వాత "వద్దు". తర్వాత "ఏందీ". ఈ మూడో మాటతో వాడు రోజంతా గడిపేసేవాడు. చెప్పును బియ్యం డబ్బాలో వేసి, మూత పెట్టి, మళ్ళీ తీసి "ఏందీ?" అని అడిగేవాడు. మంచినీళ్ళ ట్యాంకర్ వస్తే గేటు దాకా పరుగెత్తేవాడు. పరుగెత్తడమంటే తల వెనక్కి వాల్చి, చేతులు ముందుకు చాచి, దారిలో ఉన్న ప్రతి వస్తువునూ మోకాళ్ళతో పలకరించడం. మెట్లెక్కుతూ లెక్కపెట్టేవాడు: "ఒకటి, మూడు, మూడు, మూడు." ఎక్కడం తేలిక. ఎక్కేటప్పుడు చేతులతో తడుముకోవచ్చు.

జుట్టు కట్టలేదా అంటే కట్టాం. నెత్తి మీద కొబ్బరిచెట్టులా పిలక వేసి రబ్బరుబ్యాండు పెట్టేవాళ్ళం. ఐదు నిమిషాల్లో పీకి నోట్లో వేసుకునేవాడు. క్లిప్పులు పెడితే అవీ నోట్లోకే. ఒకరోజు వాడి బుగ్గలోంచి నేను ఒక ప్లాస్టిక్ సీతాకోకచిలుకను వేలుపెట్టి బయటికి తీశాను. ఆ తర్వాత పిలకలు మానేశాం.

సాయంత్రాలు వాణ్ణి మా పేటలోని పాత మెట్లబావి వైపు తీసుకెళ్ళేదాన్ని. బాగుచేశాక అక్కడికి జనం ఫోటోలకు వస్తారు. వాడికి ఫోటోలతో పనిలేదు, పావురాలు కావాలి. పావురం రెక్కలు కొట్టుకున్న శబ్దం వినగానే తల వాల్చి వెతికేవాడు. చూపు కుదిరేలోపు అది ఎగిరిపోయేది. "ఏందీ?" అనేవాడు, ఖాళీ గోడను చూపించి. ఒకావిడ ఆగి, "పాప ఎంత ముద్దుగ ఉంది! ఎన్నేండ్లు?" అని అడిగింది. "బాబండీ" అన్నాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది. ఆ జాలికి మేం అర్హులమే.

రెండో పుట్టినరోజుకు ముందు ఇంకో వేడుక. గుండు చేయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలు చుట్టి, లంగా జాకెట్టు తొడిగి ఫోటో తీయించాలి. దీని మీద మాత్రం గుట్టకూ కొండకూ పేచీ లేదు. అత్తయ్య పట్టులంగా తెచ్చింది, అమ్మ జడగంటలు తీసింది. వాడి జుట్టు లాగి లాగి అల్లుతుంటే ఇల్లు లేచిపోయేలా ఏడ్చాడు. పెట్టిన కాటుక చెంపలకు కారింది. స్టూడియోలో ఫోటోగ్రాఫర్ గిలక్కాయ ఆడిస్తూ, "బాబూ, ఇటు, ఇటు చూడు" అన్నాడు. అప్పటికి వాడి ముందు జుట్టంతా జడలో బిగించి ఉంది. కళ్ళకు ఏ అడ్డమూ లేదు. అయినా వాడు గడ్డం ఎత్తి, తల కుడివైపుకు వాల్చి చూశాడు. అందరూ పగలబడి నవ్వారు. నా చేతిలో పూలదండ మిగతా ముక్క ఉంది. అది గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. పసివాడికి మెడ అలా అలవాటు పడిపోయిందని ఆ గదిలో ఒక్క పెద్దమనిషికీ కనబడలేదు. ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో ఫ్రేములో ఉంది.

పుట్టినరోజు అయిన వారానికి కంటికురుపు లేచింది. అది మూడోసారి. రెండు కళ్ళూ ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. అమ్మ, అన్న, నేను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ టార్చి వేసి చూసింది. చూడటానికి ముందు జుట్టును పక్కకు తొలగించాల్సి వచ్చింది.

"ముందు ఈ జుట్టు కట్ చేయించండి. డ్రాప్స్ తర్వాత సంగతి."

"పుట్టెంటికలు డాక్టరమ్మా. ఇప్పుడు తీయొద్దు" అంది అమ్మ.

"మొత్తం వద్దమ్మా. ముందర రెండు వేళ్ళంత ట్రిమ్ చేయండి చాలు. తల ఎప్పుడూ ఇట్లాగే పెడతాడా?"

"అది వాని స్టైల్ మేడమ్" అన్నాడు మా అన్న.

ఆవిడ మా అన్నను కాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. అప్పుడు నేను నోరు తెరవాల్సింది. వాక్యం సిద్ధంగా ఉంది కూడా. వాడికి ముందున్నది కనబడటం లేదు, ఏడాదిగా ఇలాగే ఉంది, మా వాళ్ళకు మీరే గట్టిగా చెప్పండి. నేను నా చేతిసంచీ జిప్పు లాగాను, మళ్ళీ వేశాను. ఇంటికొచ్చాక ఆ వాక్యం డైరీలో రాసుకున్నాను. కాగితం మీద చాలా ధైర్యంగా కనిపించింది.

బయటికి రాగానే అన్న "ఆమెకు మన పద్ధతులు ఏం తెలుస్తయి" అన్నాడు. అమ్మ తలూపింది. డ్రాప్స్ కొన్నారు. రోజుకు మూడుసార్లు. చుక్కలు వేయాలంటే ఒకరు వాడి జుట్టు పైకెత్తి పట్టుకోవాలి, ఇంకొకరు వేయాలి. వేశాక ఆ జుట్టును మళ్ళీ కళ్ళ మీదికి వదిలేసేవాళ్ళం. అలా పది రోజులు, రోజుకు మూడుసార్లు, ఇద్దరు పెద్దమనుషులు.

ఆ ఆదివారమే పుణె నుంచి మేనమామ ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టారు.

"అమ్మా, ఇప్పుడు లీవు కుదరదు. రెండు నెలలు ఆగండి."

"మంచిది నాన్నా, నీ వీలు చూసుకో" అంది అత్తయ్య. "తొందరేముంది వదినె, వాడెక్కడికి పోతడు" అంది అమ్మ. గుట్టా కొండా అన్నది అప్పటికీ తేలలేదు మరి. వదిన పళ్ళెంలో అన్నం కలుపుతూ కూర్చుంది. ఆమె కూడా ఇంజనీరే, కన్నతల్లి కూడా. అత్తవైపు మాట్లాడితే తల్లికి కోపం, తల్లివైపు మాట్లాడితే అత్తకు కోపం. అందుకని ఆమె అన్నం కలిపింది. ఆ అన్నం ముద్ద కోసం వాడు నోరు తెరుచుకుని, చెంచా ఎటునుంచి వస్తుందో తెలియక ముఖాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

ఆ గురువారం మధ్యాహ్నం అమ్మ మిద్దె మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్ళింది. వాడూ వెంట ఎక్కాడు. దిగేటప్పుడు అమ్మ చేతుల నిండా బట్టలు. వాడు గోడ పట్టుకుని దిగుతున్నాడు. నేను కింద నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తూ చూశాను. కింది నుంచి ఐదో మెట్టు మిగతావాటి కంటే లోతు. వాడు కాలు చాపాడు, అక్కడ మెట్టు ఉంటుందనుకున్న చోట లేదు. నేను పరుగెత్తేలోపు గడ్డం మెట్టు అంచుకు కొట్టుకుంది. పై పెదవి చిట్లింది. ముందు పన్ను కదిలింది. నా కుర్తా ముందంతా రక్తం.

తర్వాత జరిగిందంతా మా ఇంటివాళ్ళ తెలివికి ప్రదర్శన. అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. "గా జడ ఫోటో ఊరందరికి పంపిన్రు. దిష్టి తాకకుంట ఉంటదా!" అంది. మా అన్న ఫోన్లోనే మెట్లకు గేటు ఆర్డరు చేశాడు, నాలుగున్నర రేటింగ్ ఉన్నది చూసి. అత్తయ్య ఫోన్లో "అడుగు జారకుండా రబ్బరు చెప్పులు కొనండి, లైట్లు వెలిగేవి" అంది. వదిన ఆఫీసు నుంచి సగం రోజుకే వచ్చేసింది. వాణ్ణి ఒళ్ళో వేసుకుని, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. అది మళ్ళీ ముందుకు పడింది. మళ్ళీ తోసింది. ఏడ్చింది. జుట్టు అన్న మాట ఒక్కరి నోటినుంచీ రాలేదు. ఇంకో మెట్టు పైనుంచి పడి ఉంటే ఏమయ్యేదో అన్న మాటా రాలేదు. మేనమామకు సెలవు దొరకడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ వాడు ఆ మెట్లు దిగుతాడు.

మరునాడు శుక్రవారం. రెండు గంటలకు అమ్మ సీరియల్ మొదలైంది. నేను నా గది తలుపు దగ్గరికి వేసి, కుర్చీలో రెండు నిఘంటువులు పెట్టి, వాటి మీద వాణ్ణి కూర్చోబెట్టాను. చేతికి బిస్కెట్ ఇచ్చాను. మెడ చుట్టూ పాత పేపరు చుట్టాను. పుస్తకాలకు అట్టలు వేసుకునే కత్తెర తీశాను.

"ఏందీ?"

"కత్తెర."

"నాకు."

"నీకే. కండ్లు మూసుకో."

వాడు కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. వాడికి ఆ రెండూ ఒకే ఆజ్ఞ. ఒక చెవి టీవీ వైపే ఉంచి కత్తెర తెరిచాను. భయం వాడి కన్ను గురించి కాదు, టీవీ సౌండు తగ్గుతుందేమోనని. అంత ఘనమైన దాన్ని నేను. మొదటి పాయ తెగి బల్ల మీద పడింది. తర్వాత రెండు, మూడు. వంకరగా వచ్చింది. సరిచేయబోతే ఇంకా వంకరైంది, ఇంకా పొట్టిదైంది. ఏడాదిగా ఎండ తగలని నుదురు తెల్లగా, మధ్యలో చెమటకాయలతో బయటపడింది. పాత గాట్లు రెండున్నాయి. ఒకటి తలుపు అంచుదని నాకు తెలుసు. రెండోది ఎప్పటిదో తెలియలేదు.

"ఇగ తెరువు."

తెరిచాడు. అలవాటుగా తల కుడివైపుకు వాల్చాడు, గడ్డం ఎత్తాడు. నన్ను చూశాడు. నా వెనక చూశాడు. అలమరా పై అరలో, పుస్తకాల వెనక, బిస్కెట్ల డబ్బా ఉంటుంది. వాడు ఎప్పుడూ కనిపెట్టలేదు కాబట్టి అది అక్కడే ఉండేది. వాడు వేలెత్తి చూపించి, పగిలిన పెదవితోనే, "డబ్బా!" అన్నాడు. ఆ తర్వాత ఆ గదిలో ఏదీ దాచడం నా వల్ల కాలేదు.

అమ్మ ప్రకటనల మధ్యలో వచ్చింది.

"ఓ యమ్మో! గిదేందే? పుట్టెంటికలకు కత్తెర పెట్టినవా? సుక్రారం పూట!"

నేను రాలిన జుట్టును పేపరులో మడిచాను. అమ్మ యాప్రాల్‌కు ఫోన్ చేసింది. మామూలుగా గంటన్నర పట్టే దారి అత్తయ్య నలభై నిమిషాల్లో వచ్చేసింది. ఇద్దరూ హాల్లో ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. నేను ఎదురుగా నిలబడ్డాను. జడ ఫోటో సంగతి తప్పిస్తే, రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఆ మాటకు కారణం నేను.

"చూడమ్మా, చదువుకున్నదానివి. మేనమామ పెట్టాల్సిన కత్తెర నువ్వెలా పెడతావు?" అంది అత్తయ్య.

"ఇంట్ల ఉలుకు పలుకు లేదు కనీ గీ పనులకు చెయ్యి లేస్తది" అంది అమ్మ.

"వానికి కండ్లు కనపడ్తలేవమ్మా" అన్నాను.

టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. అమ్మ రిమోట్ తీసి ఆపింది.

"కనపడకపోతే చెప్పాలి కదమ్మా" అంది అత్తయ్య, కాస్త తగ్గి.

"డాక్టరమ్మ చెప్పింది. నిన్న మెట్లు చెప్పినయి."

ఆ రోజుకు నా మాటల కోటా అయిపోయింది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అడిగినా ఏడ్చేసి ఉండేదాన్ని. ఎవరూ అడగలేదు. అత్తయ్యకు వేరే ఆలోచన వచ్చింది.

"ఆ జుట్టేదీ?"

పేపరులో మడిచిన పొట్లం నా చేతిలోనే ఉంది. ముందుకు చాపాను. రెండు చేతులు ఒకేసారి వచ్చాయి. అమ్మ చెయ్యి దగ్గరగా ఉంది. పొట్లం అమ్మకు దక్కింది. క్షణం పాటు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత అమ్మ ముఖంలో కోపం ఎటుపోయిందో నాకు తెలియదు.

"వదినె, మొదటి కత్తెర పడ్డది గిదే కదా" అంది నెమ్మదిగా. "మొదటిది గుట్టకు పోతది. నా మొక్కు తీరినట్టే."

అత్తయ్య ఆలోచించింది. "సరే వదినగారూ. ముందు జుట్టు మీరు తీసుకోండి. గుండు కొండ మీద చేయిద్దాం. గుండే కదా అసలు మొక్కు."

"మొదటిదే అసలు. అయినా సరే, మీ ఇష్టం."

"మీ ఇష్టమే మా ఇష్టం."

రెండేళ్ళుగా తేలని వ్యవహారం ఒక్క గ్లాసు చాయ్ చల్లారేలోపు తేలిపోయింది. ఎదుటి ఆమె మోసపోయిందని ఎవరికి వారు నమ్మారు కాబట్టి తేలింది. పుణెకు ఫోన్ చేస్తే మేనమామ "ఓకే అమ్మా, నో ప్రాబ్లెమ్. అయితే నేను రావాలా, వద్దా?" అన్నాడు. సాయంత్రానికల్లా అమ్మ పక్కింటావిడతో "గుట్టకు జెర ముందు జుట్టు తీసినం, పంతులే చెప్పిండు" అంటోంది. పంతులుకు ఆ సంగతే తెలియదు. నా పేరు అందులో ఎక్కడా లేదు. తిట్టినప్పుడు ఉన్నది, పని అయ్యాక ఊడిపోయింది.

వదిన ఆఫీసు నుంచి వచ్చి వాణ్ణి చూసింది. ఆ వంకర నుదురును బొటనవేలితో ఒకసారి రాసింది. తర్వాత నా గది గుమ్మంలో నిలబడింది.

"నేను చెయ్యాల్సింది" అంది. "రోజూ స్నానం చేయించేటప్పుడు అనుకునేదాన్ని."

రోజూ అనుకుని రోజూ తువ్వాలుతో తుడిచి వదిలేసిన తల్లి మీద నాకు ఆ క్షణం చెప్పలేనంత చులకన కలిగింది. అనుకోవడం పది నెలలుగా నేనూ చేశాను. నేనైతే రాసుకున్నాను కూడా. ఆ మాట ఆమెకు చెప్పలేదు. "బిస్కెట్ల డబ్బా మార్చాలె వదినా, చూసేసిండు" అన్నాను. ఆమె నవ్వి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ పొట్లం గుట్టకు వెళ్ళింది. రెండు నెలల తర్వాత కొండ మీద గుండు అయింది. మేనమామ వచ్చి మూడుసార్లు కత్తెర ఆడించాడు, నేను పళ్ళెం పట్టాను. ఆల్బంలో ఆ ఫోటో కింద "ఫస్ట్ హెయిర్‌కట్" అని రాయించారు. జుట్టు కత్తిరించిన ఆ శుక్రవారమే గది ఊడుస్తుంటే నా బల్ల కింద ఒక పాయ దొరికింది. మొదట తెగి జారింది అదే అయి ఉండాలి. ఎవరికీ చెప్పలేదు, డైరీలో ఆ రోజు పేజీకి అంటించాను. ఇద్దరు దేవుళ్ళకూ తక్కువే చేరింది. వాళ్ళు ఇంతవరకు అడగలేదు.

నా కత్తెర తర్వాత మెడ వాల్చడం పోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు బావి దగ్గర వాడు ఒక పావురాన్ని తిన్నగా చూశాడు. అది కూడా వాణ్ణి చూసింది.

అన్న ఆర్డరు చేసిన గేటు రెండు వారాలకు వచ్చింది. అది ఇంకెందుకని ఎవరికీ తట్టలేదు. ఆదివారం అందరి ముందూ డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకుని, గోడకు నాలుగు చోట్ల అనవసరంగా బొక్కలు పెట్టి, మెట్ల మొదట్లో దాన్ని బిగించాడు. "చైల్డ్ ప్రూఫ్" అని రెండుసార్లు చెప్పాడు. అమ్మా అత్తయ్యా మెచ్చుకున్నారు. వాడు గేటు ముందు నిలబడి, తల నిటారుగా పెట్టి, కాసేపు చూశాడు. తర్వాత గడియ పక్కకు జరిపి, లోపలికి వెళ్ళి, గేటు మళ్ళీ వేసి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"ఒకటి, మూడు, మూడు."

మా అన్న ఫోన్ తీశాడు, వీడియోకు.